జీతం అంటే ఏమిటి?

నాలుగో తరగతిల ఉన్నప్పుడు సారు పాఠం మధ్యల ఆగి "జీతం అంటే ఏమిటి?" అని అడిగిండు. ఎవరూ లేవలేదు. నాకు తెలుసు గనుక నేను లేచిన. "పటేలింట్ల ఏడాదిదాక పనికుండుడు సార్" అన్న. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్విండు. నవ్వి, దగ్గరికి పిలిచి అరచేతి మీద రెండు దెబ్బలు కొట్టిండు. "ఉద్యోగి ప్రతి నెలా పొందే డబ్బును జీతం అంటారు" అని బోర్డు మీద రాసి, పదిసార్లు రాసుకరమ్మన్నడు.

ఆ రాత్రి కందిలి ముందట కూసోని రాస్తుంటే మా అయ్య పటేలింటి నుంచి వచ్చిండు. పదేండ్ల వయసుల జీతముంటె, నాకు ఊహ తెలిసేదాక జీతమే ఉన్నడు. ఏడాదికింత అని వడ్లు, ఒక గొంగడి. తాత చేసిన అప్పు తెగలేదని మళ్ల ఏడాది. "ఏం రాస్తున్నవు బిడ్డా?" అని అడిగిండు. "జీతం గురించి" అన్న. "దాని గురించి రాసేటందుకేమున్నది?" అని కాళ్లు కడుక్కోను పోయిండు.

నేను చెప్పిన అర్థం తప్పా? మా వాడల ఏ ఇంట్ల అడిగినా అదే చెప్తరు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. చట్టం వచ్చిన తర్వాత ఎన్నో ఏండ్లకు నేను బడికి పోయిన. అప్పటికీ మా అయ్య జీతగాడే. ఒకే మాటకు ఊర్లె ఒక అర్థం, వాడల ఒక అర్థం. ఊరి అర్థం పుస్తకంలకు పోయింది. వాడ అర్థం చెప్పినోని చేతికి బెత్తం దెబ్బ వచ్చింది.

ఇప్పుడు నేను సర్కారు బడి సారును. 2012 డీఎస్సీల ఉద్యోగం వచ్చింది. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోన్ని నేనే. ఆ సారు బోర్డు మీద రాసిన జీతం తీసుకుంటున్న మొదటోన్ని కూడా నేనే. ఖానాపూర్ చుట్టుపక్కల ప్రాథమిక బడుల్ల పనిచేస్తున్న. ఈ ఏండ్లన్నీ నన్ను వదలని ప్రశ్న ఒక్కటే. చిన్న తరగతుల్లో పాఠ్య విషయాల పదాలను, అంటే గణితం మాటలు, సైన్సు మాటలు, సాంఘిక శాస్త్రం మాటలు, మనం పిల్లలకు నేర్పుతున్నామా, పిల్లల దగ్గరున్న మాటలు గుంజుకుంటున్నామా? ఈ ప్రశ్నకు జవాబు పాఠంలో కన్నా పాఠ్య ప్రణాళికలో ఉందని నా అనుమానం. దాన్నే ఇక్కడ విమర్శకు పెడుతున్నాను.

మొదట ఈ పారిభాషిక పదాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. మన ప్రాంతంలో నిజాం ప్రభుత్వం 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఉర్దూ మాధ్యమంలో పెట్టింది. దానికోసం 1917లోనే అనువాద విభాగం ఏర్పాటు చేసి, శాస్త్రాలకు అరబ్బీ, పారసీ ధాతువుల నుంచి పదాలు పుట్టించింది. రాజ్యం మారింది. 1968లో తెలుగు అకాడమి వచ్చింది. ఈసారి పదాలు ఎక్కువగా సంస్కృతం నుంచి పుట్టాయి. భిన్నం, లవం, హారం, బాష్పీభవనం, శిలీంధ్రం, కిరణజన్య సంయోగక్రియ. చేసినవాళ్లు పండితులే, కష్టపడ్డవాళ్లే. ఒక దేశీయ భాషలో ఉన్నత చదువులు చెప్పాలనుకోవడం చిన్న సంగతి కాదు. కాని నాగలి పట్టినోన్ని, మగ్గం నేసినోన్ని, తోలు ఊనినోన్ని 'నువ్వేమంటవు దీన్ని?' అని అడిగి పెట్టిన పదాలు ఆ రాజ్యంలోనూ తక్కువే, ఈ రాజ్యంలోనూ తక్కువే.

అడిగినవాళ్లు అసలే లేరా అంటే ఉన్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తి పదకోశం మొదలుపెట్టి 1962లో వ్యవసాయ పదాల సంపుటం, 1971లో చేనేత పదాల సంపుటం తెచ్చారు. ఊరూరా తిరిగి సేకరించిన మాటలు అవి. కాని ఆ మాటలు నిఘంటువు దాకా వచ్చి ఆగిపోయాయి. నిఘంటువు నుంచి మూడో తరగతి పుస్తకానికి పోయే తొవ్వ ఎవరూ వెయ్యలేదు. పరిశోధకునికి పనికొచ్చిన మాట ఆ మాట పుట్టిన ఇంటి పిల్లగానికి ఎందుకు పనికి రాలేదు?

వాడుక భాష గెలిచింది గదా అని కొందరు మిత్రులు అంటారు. గెలిచింది నిజమే. గిడుగు రామమూర్తి మీద నాకు గౌరవం ఉన్నది. సవర పిల్లల కోసం సవర నేర్చుకొని, ఆ భాషలోనే వాచకాలు రాసిన మనిషి. కాని బడిలోకి వచ్చిన వాడుక భాష శిష్టుల వాడుక. చదువుకున్న పై కులాల నోట, అందులోనూ కోస్తా జిల్లాల నోట ఆడిన భాష. గ్రాంథికం పోయి శిష్ట వ్యావహారికం వచ్చిన రోజు మా వాడ పిల్లలకు దూరం ఒక ఆమడ తగ్గి ఉంటుంది. ఇంకా ఎన్ని ఆమడలున్నాయో ఎవరూ కొలవలేదు.

ఇక నా తరగతి గదిలోకి రండి.

నాలుగో తరగతికి నీటి పాఠం చెప్తున్న. వరండా బండ మీద చెంబెడు నీళ్లు, బయట మట్టిల చెంబెడు నీళ్లు పోయించిన. కొంతసేపటికి రెండు దిక్కులా నీళ్లు లేవు. ఎటు పోయినయి అని అడిగిన. ఒక పిల్ల టక్కున చెప్పింది: "మట్టిలయి ఇంకినయి సార్, బండ మీదియి ఇగిరినయి." ఆ పిల్ల తల్లి కైకిలి పోతది, తండ్రి ట్రాక్టర్ మీద కూలి. శాస్త్రం చేసే తేడాను ఆ పిల్ల రెండు మాటల్లో చేసింది. ఇంకుడు వేరు, ఇగురుడు వేరు. కింది దిక్కు పోయేది ఒకటి, పైకి పోయేది ఒకటి. దీన్ని పట్టుకొని 'ఇగురుడునే పుస్తకంలో బాష్పీభవనం అంటరు' అని చెప్తే అయిదు నిమిషాల పని. అంతకుముందు సంవత్సరం నేనేం చేసిన? బాష్పీభవనం అని బోర్డు మీద రాసి నిర్వచనం చెప్పిన. పిల్లలు 'భాస్పిబవనం' అని రాసుకున్నరు. ఎవడో 'భవనం అంటే బంగ్లానా సార్?' అని అడిగిండు. నేను గద్దించిన. నాలుగో తరగతిల నన్ను కొట్టిన సారు నాలోనే ఉన్నడని ఆనాడు తెలిసింది.

భిన్నాలదీ అదే కథ. లవం పైన, హారం కింద అని ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు తారుమారు చేసేటోళ్లు. మా అవ్వ బడి మొఖం చూడలేదు. కాని ఛటాకు, అద్దపావు, పావుశేరు, అద్దశేరు, శేరు అని చెప్తది. ఒకదానికి ఒకటి రెట్టింపు. పదహారో వంతు, ఎనిమిదో వంతు, నాలుగో వంతు, సగం, ఒకటి. భిన్నాల పాఠమంతా ఆమె సంతకు పోయిన సంచిల ఉన్నది. దేశంలో మెట్రిక్ తూకాలు 1958 నుంచి అమలుకు రావడం మొదలై శేర్లు పోయినయి. మాటలు మాత్రం అవ్వ నోట్ల ఉన్నయి. నేను ఆ వరుస బోర్డు మీద రాసి పిల్లల్ని అడిగిన: "మీ ఇంట్ల ఇట్లాంటి కొలతలు ఇంకేమున్నయి?" వెనుక బెంచీ పిల్లగాడు లేచి, "క్వార్టర్, హాఫ్, ఫుల్ సార్" అన్నడు.

క్లాసంత గొల్లుమన్నది. నాకు ఒక్కసారి ఒళ్లు జల్లుమన్నది. పిల్లగాడు మా వాడోడే. 'వాళ్ల ఇండ్లల్ల ఇంకేముంటది' అనే చూపు నాకు తెలుసు. ఆ చూపు స్టాఫ్ రూముల మీదుగా, పెండ్లి పందిళ్ల మీదుగా నా వెంట వచ్చింది. కాని పిల్లగాడు చెప్పింది భిన్నమే. అందుకని "మంచిది, క్వార్టర్‌ల ఎంతుంటది?" అన్న. "నూట ఎనబై." "ఫుల్‌ల?" "ఏడు వందల యాబై." "మరి నాలుగు క్వార్టర్లు కలిపితే?" పిల్లలు లెక్క చేసిన్రు. 720. నాలుగో వంతు అని పేరు పెట్టుకున్నది నిజంగ నాలుగో వంతు గాదని వాళ్లే తేల్చిన్రు. "మరి క్వార్టర్ అని ఎందుకంటరు సార్?" అని ఒకడు. నా దగ్గర జవాబు లేదు. భిన్నం అంటే సమానమైన భాగం అని నేను ఏడాదంతా చెప్పి నేర్పలేనిది ఆ రోజు వచ్చింది. తెల్లారి పై కులపు తండ్రి ఒకాయన వచ్చి, 'బడిల సారా లెక్కలు చెప్తున్నరట' అన్నడు. ఇంట్ల బాధ తెచ్చి పెట్టిన మాట బడిలకు రావద్దట. ఆ దుకాణం మాత్రం ఊరి మధ్యలనే ఉండొచ్చు.

పారిభాషిక పదం పిల్లలకు కష్టం అనే మాటను కూడా నేను పూర్తిగా ఒప్పుకోను. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు వరద 5 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. 18 గేట్ల ప్రాజెక్టు అది. కట్ట ఉంటదో పోతదో అని కింది ఊళ్లను ఖాళీ చేయించిన్రు. 2023 జూలైలో మళ్లీ అదే భయం. ఆ దినాల్లో మా బడి పిల్లలందరికీ క్యూసెక్కు అనే మాట వచ్చింది. ఎవరూ నిర్వచనం చెప్పలేదు, ఎవరూ పదిసార్లు రాయించలేదు. బడి తెరిచినంక నేను చేసింది ఇంతే. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే దగ్గర దగ్గర 28 లీటర్లు, మీ ఇంటి బిందెలైతే రెండు అని చెప్పిన. ఒక పిల్లగాడు కండ్లు మూసుకొని, "అంటే ఒక్క సెకనుల పది లక్షల బిందెలా!" అన్నడు. అయిదో తరగతి పిల్లగానికి ఇంజనీర్ల మాట చిక్కింది. ఎందుకు చిక్కింది? ఆ మాట వెనుక ఉన్న నీళ్లు వాడు చూసిండు గనుక. ఆ మాట తెలిస్తే బతుకుతం, తెలవకుంటె మునుగుతం అనే అవసరం ఉండె గనుక.

వస్తువు ముందు, ఇంటి మాట తర్వాత, పుస్తకం మాట చివర. మన బడుల్లో వరుస దీనికి తలకిందులు. పుస్తకం మాట ముందు వస్తుంది, దానికి నిర్వచనం వస్తుంది, వస్తువు బొమ్మలో ఉంటుంది, ఇంటి మాట తప్పుగా మిగులుతుంది.

ఇది ఒక్కో ఉపాధ్యాయుని తప్పు అంటే అన్యాయం. ప్రణాళికే అట్లుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పని దినాలు, 800 బోధన గంటలు. మేము జూన్‌లో వార్షిక ప్రణాళిక రాస్తం, తర్వాత యూనిట్ ప్లాన్, పీరియడ్ ప్లాన్. అందులో కీలక పదాలకు చోటు ఉంటుంది. పాఠం వెనుక ఉన్న పదాలను ఎత్తి అందులో రాస్తం. కాని పిల్లలు ఏ మాటలతో బడికి వచ్చిండ్రో రాసే గడి నేనింత వరకు చూడలేదు. ఒక పదం మూడో తరగతిలో వస్తే నాలుగులో ఎక్కడ మళ్లీ పలకరిస్తుంది, అయిదులో ఏ లోతుకు పోతుంది అని చూసే గడి లేదు. పదం ఒకసారి వస్తుంది, పరీక్షకు పోతుంది, సస్తుంది. పత్తి ఏరే దినాల్లో మా బడిలో సగం బెంచీలు ఖాళీ. అప్పుడు వచ్చిన పదాలు ఆ పిల్లలకు ఎన్నటికీ రావు. ప్రణాళిక పుస్తకం మాత్రం నిండుగా ఉంటుంది. తనిఖీకి వచ్చినవాళ్లు దాని మీదనే సంతకం పెడతారు.

పుస్తకాలు మారలేదని నేననను. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పిల్లల ఇంటి భాషను, చుట్టూ ఉన్న జ్ఞానాన్ని బడిలోకి తేవాలన్నది. ఆ తర్వాత వచ్చిన పుస్తకాలు నేను చదివిన పుస్తకాల కన్నా మేలు. మీ ఊర్లో అడిగి తెలుసుకోండి అని ఉంటుంది. ఎవరిని అడగాలి? అడిగి తెచ్చిన మాటను ఎక్కడ పెట్టాలి? దానికి మార్కులున్నాయా? అక్కడికి వచ్చేసరికి చట్రం గట్టిగా నిలబడదు.

వృత్తుల పాఠం దగ్గర నాకు జరిగిన సంగతి చెప్పాలి. ఇది నాకే తగిలిన దెబ్బ.

కుమ్మరి, కమ్మరి, చెప్పులు కుట్టేవారు అని పాఠం చదువుతుంటే తరగతిలో తలకాయలన్నీ కొందరు పిల్లల దిక్కు తిరుగుతయి. కుమ్మరి పిల్లగానికి కొంత సిగ్గు, మా పిల్లగానికి సచ్చేంత సిగ్గు. నేనది అనుభవించినోన్ని. అందుకని ఒకసారి ఆ పాఠాన్ని సైన్సు పాఠం చేసిన. మా తాత చేసిన పని బోర్డు మీద పెట్టిన. పచ్చి తోలును సున్నంల నానేస్తే వెంట్రుక ఊడుతది. తర్వాత తంగేడు చెక్క నీళ్లల్ల, లందల ఊనేస్తే తోలు కుళ్లదు. ఎందుకు కుళ్లదు? తంగేడు చెక్కల టానిన్ అనే పదార్థమున్నది, అది తోలులోని ప్రొటీన్‌ను పట్టుకుంటది. సున్నం క్షారం. ఆరె, రంపె పనిముట్లు. తంగేడు మన రాష్ట్ర పుష్పం అని పిల్లలందరూ వల్లె వేస్తరు. పాఠం పువ్వు దగ్గర ఆగుతది, చెక్క దాక రాదు. చెక్క దాక వస్తే మా వాడ దాక రావాలె గదా! ఇదే తోలు పని మీద పరిశోధనకు ప్రభుత్వం 1948లో మద్రాసులో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థను పెట్టింది. అక్కడ అది శాస్త్రం. మా ఇంట్ల అది మైల.

చెప్తుంటే నాకే గొంతు పూడుకపోయింది. మంచి పాఠం చెప్పిన అనుకున్న.

తెల్లారి ఒక పిల్లగాని తల్లి వచ్చింది. వాడ మనిషే, నాకు వరసకు చిన్నమ్మ అయితది. గేటు కాడనే నిలబడి అన్నది: "తమ్మీ, నువ్వు సదువుకొని సారువైతివి. మా పోరనికి మళ్ల ఆరె, రంపె సెప్తున్నవట. గవి ఇడిసిపెట్టిపిద్దామనే గద మేం కైకిలి జేసి బడికి తోల్తున్నది? వానికి ఇంగిలీసు సెప్పు."

నేను ఏదో సముదాయించిన గాని ఆమె మాటకు నా దగ్గర జవాబు లేకుండె. ఇంటి మాటకు గౌరవం అని మేధావులు సభల్లో చెప్తరు. ఆ మాటతో పాటు ఆ పని, ఆ కంపు, ఆ గేటు బయటి నిలుపు ఉన్నయని ఆమెకు తెలుసు. పిల్లగాన్ని లంద దగ్గరికి తీసుకపోయి అక్కడ నిలబెడితే అది కొత్త రకం కట్టు. లంద దగ్గరి నుంచి టానిన్ దాక, టానిన్ నుంచి రసాయన శాస్త్రం దాక, అక్కడి నుంచి ఇంగ్లీషు దాక పోయే మెట్లు ప్రణాళికలో ఉంటేనే ఇంటి మాట మెట్టు అయితది. లేకుంటే గుంజ అయితది. నేను ఆ రోజు మొదటి మెట్టు మీద పాట పాడి దిగిపోయిన. ఆమె మిగతా మెట్లు అడిగింది. న్యాయం ఆమె దిక్కే ఉన్నది.

ఆమె అడిగిన ఇంగ్లీషు సంగతి. తెలంగాణ సర్కారు బడుల్లో 2022–23 నుంచి ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు. మాతృభాష పోయిందని ఏడ్చిన పెద్దల పిల్లలు ఏ బడిలో చదివిండ్రో అందరికీ తెలుసు. పాఠ్యపుస్తకపు తెలుగు దళిత బహుజన పిల్లలకు ఇంగ్లీషంత పరాయిదే అని కంచ ఐలయ్య 1996లోనే తన 'నేను హిందువు నెట్లయిత?' మూల గ్రంథంలో వాదించారు. నేను ఇంగ్లీషు దిక్కే. కాని ఆ రెండు పేజీల పుస్తకం పట్టుకొని చూడండి. ఒక పేజీలో ఫొటోసింథసిస్, ఎదురు పేజీలో కిరణజన్య సంయోగక్రియ. మా పిల్లగానికి రెండు పరాయి మాటల నడుమ కుట్టు దారం. మూడో మాట, వాని సొంత మాట, ఏ పేజీల లేదు. మీడియం మార్చితే పదం పై నుంచి ఊడిపడే పద్ధతి దానంతట అది మారదు.

ఇంటి మాట అని నేను అంటున్నది కూడా తెలుగు ఇంటి మాటే. ఇదే ఖానాపూర్‌ల నా తరగతిలో గోండు పిల్లలు, లంబాడి పిల్లలు ఉన్నరు. వాళ్లకు నా 'ఇగురుడు' కూడా పరాయి మాటే. 1943లో మర్లవాయిలో హైమెన్‌డార్ఫ్ పూనికతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కొలామి, బంజారా సహా ఎనిమిది భాషల్లో బహుభాషా బోధన మొదలుపెట్టారు. మొదలుపెట్టడం మనకు వచ్చు, సాగించడం రాదు. బడిలో నేను దళితున్ని. గోండు పిల్ల ముందు నేను తెలుగు సారును. ఆ పిల్ల మాటకు నేను నవ్వితే నాకూ ఆనాటి సారుకూ తేడా ఏమున్నది?

మహాత్మా ఫూలే 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వాంగ్మూలంలో ప్రాథమిక పాఠ్య ప్రణాళిక ఎట్లుండాలో రాసి ఇచ్చారు. చదవడం రాయడంతో పాటు లెక్కలు, చరిత్ర, భూగోళం, వ్యాకరణం, వ్యవసాయ పరిజ్ఞానం, ఆరోగ్యం. ఉపాధ్యాయులు సాధ్యమైనంత వరకు శ్రమచేసే కులాల నుంచి రావాలన్నారు, పిల్లల అవసరాలు వాళ్లకు తెలుస్తాయని. చూడండి, ఆయన వ్యవసాయం ఒక్కటే నేర్పమనలేదు, వ్యాకరణం ఒక్కటే నేర్పమనలేదు. రెండూ అడిగారు. చిన్నమ్మ గేటు కాడ అడిగిందీ, ఫూలే కమిషన్ ముందు అడిగిందీ ఒక్కటే. పద్నాలుగు దశాబ్దాలు దాటింది.

నేను ఇప్పుడు చేస్తున్నది చిన్న పని. పాఠానికి ముందు ఒక రోజు పిల్లల మాటలు సేకరిస్తున్న. నోటుబుక్కులో మూడు గళ్లు గీయిస్తున్న. ఇంటి మాట, పుస్తకం మాట, ఇంగ్లీషు మాట. మొదటి గడిలో తెలుగు, గోండి, లంబాడి ఏదైనా రాయొచ్చు. ఒక పాఠంలో పది కీలక పదాలుంటే తప్పనిసరి అయిన మూడో నాలుగో ఎంచి, వాటిని ఏడాదిలో మళ్లీ మళ్లీ పని మీద పిలుస్తున్న. నీటి పాఠాన్ని మత్తళ్లు దుంకే నెలకు జరుపుతున్న. పత్తి దినాల్లో రాని పిల్లల కోసం జనవరిలో అవే పదాలు మళ్లీ పెడుతున్న. ఇంటి మాటతో మొదలైన పాఠం పుస్తకం మాట దాక పోకుండా వారం ముగియొద్దని నాకు నేను కట్టడి పెట్టుకున్న. ఇది ఒక సారు ఓపిక మీద నడిచే పని కాకూడదు. ప్రణాళికలోనే గడి ఉండాలె. పాఠ్యపుస్తకం రాసే కమిటీల్లో, పదాలు ఖాయం చేసే బల్లల చుట్టూ మా వాడల నుంచి, గూడేల నుంచి, తండాల నుంచి వచ్చిన ఉపాధ్యాయులు ఉండాలె. విద్యార్థి సంఘాలు హాస్టళ్ల కోసం, స్కాలర్‌షిప్పుల కోసం కొట్లాడుతున్నయి, కొట్లాడాల్సిందే. ఒక్కసారి మూడో తరగతి పుస్తకం చేతిలకు తీసుకొని, అందులో మన అవ్వ మాట ఎన్ని పేజీల్ల ఉన్నదో కూడా లెక్క తియ్యండి.

మొన్న అయిదో తరగతిల 'జీతం' మాట వచ్చింది. అర్థం అడిగిన. ఒక పిల్ల నెలకు వచ్చే పైసలు అన్నది. ఇంకెవరికైనా ఇంకో అర్థం తెలుసా అన్న. ఎవరూ లేవలేదు. వాళ్ల తల్లిదండ్రులు కూలికి పోతున్నరు, జీతముంటలేరు. ఆ మాటకు ఆ అర్థం మా పిల్లల నోట్ల సచ్చిపోయింది. సంతోషించిన. సంతోషించి, బోర్డు మీద రెండో అర్థం కూడా రాసిన. దాని కింద మా అయ్య ఎన్నేండ్లు జీతమున్నడో రాసిన. 1976 చట్టం పేరు రాసిన. పిల్లలు నోటుబుక్కుల్ల ఎక్కించుకున్నరు. ఒక్కసారే రాసుకోమన్న.